కెనడాలో అడవి ఆఫీసరు ఉద్యోగం: సర్రే వదిలితేనే దారి

తమ్ముడూ, ములుగులో బీఎస్సీ ఫారెస్ట్రీ చదివి, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, వాంకూవర్ పక్కనున్న సర్రేలో దిగి, నేచురల్ రిసోర్స్ ఆఫీసర్ ఎలా అవ్వాలని అడిగావు. నీ చదువుకు విలువ ఉంది. బర్నబీలోని బీసీఐటీ కాలేజీలో విదేశీ చదువులను లెక్కగట్టే విభాగం ఐసెస్‌తో డిగ్రీ మూల్యాంకనం చేయించుకో. కానీ డిగ్రీ ఒక్కటే చూసి ఎవరూ పిలవరు.

ముందు పనేంటో తెలుసుకో. బ్రిటిష్ కొలంబియా నేలలో దాదాపు 94 శాతం ప్రభుత్వానిదే. అందులో కలప దొంగతనం, నిషేధం ఉన్నప్పుడు పెట్టే మంటలు, లైసెన్సు లేకుండా వాడే నీళ్లు, ప్రభుత్వ భూమి ఆక్రమణలు చూసేది ఈ ఆఫీసర్లే. (2016లో అమల్లోకి వచ్చిన నీటి చట్టం ప్రకారం ఇక్కడ పొలానికి వాడే బోరుకూ లైసెన్సు కావాలి. బోరేస్తే నీళ్లు మనవేనన్న మన లెక్క ఇక్కడ చెల్లదు.) వేట, చేపలు, ఊళ్లోకొచ్చే ఎలుగుబంట్ల సంగతి కన్జర్వేషన్ ఆఫీసర్ సర్వీసుది, అది వేరు. దరఖాస్తులో రెంటినీ కలిపేస్తే, ఉద్యోగం గురించి చదవలేదని అక్కడే తెలిసిపోతుంది.

రోజువారీ పనిలో చెట్టు ప్రేమకన్నా సాక్ష్యమే ముఖ్యం. ఎవరో సీడార్ చెట్టు నరికి పట్టుకుపోయారనుకో. స్టంపు కొలవాలి, ఫొటోలు తీయాలి, జీపీఎస్ పాయింటు, టైము అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాయాలి. రేపు కోర్టులో లాయరు అడిగేది ఆ పేజీ గురించే. మన అడవి శాఖలో దుంగ మీద సుత్తితో కొట్టిన ముద్ర (హామర్ మార్కు) చూసినట్టే, ఇక్కడ లారీలో కలప మీద టింబర్ మార్కు చూస్తారు. అది నీకు కొత్త కాదు, ఇంటర్వ్యూలో చెప్పు.

డ్రైవింగు దగ్గరే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. కారు నడిపే పూర్తి లైసెన్సు, అంటే ఫుల్ క్లాస్ 5 తెచ్చుకో. ఇండియాలో రెండేళ్లకు పైగా నడిపినట్టు కాగితం చూపిస్తే, కొత్త డ్రైవర్లు పెట్టుకునే 'ఎన్' బోర్డుతో తిరగకుండా నేరుగా ఆ పరీక్షకు వెళ్లొచ్చు. అడవి కంకర రోడ్లలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. రోడ్డు మొదట్లో బోర్డు మీదున్న రేడియో చానల్ పెట్టుకుని, చెప్పమని బోర్డు ఉన్నచోటల్లా రోడ్డు పేరు, ఎన్నో కిలోమీటరు, ఎక్కుతున్నావా దిగుతున్నావా చెబుతూ పోవాలి. దుంగల లోడుతో లారీ దిగుతోందని వినిపిస్తే, పక్కకు తప్పుకోవాల్సింది నువ్వే. మంచులో నడపడం ఈ చలికాలమే నేర్చుకో.

స్థానిక అనుభవానికి నేను చెప్పే మంచి దారి, బీసీ వైల్డ్‌ఫైర్ సర్వీసులో సీజనల్ ఉద్యోగం. 2023లో ఈ రాష్ట్రంలో 28 లక్షల హెక్టార్లకు పైగా కాలిపోయింది, మనుషుల అవసరం తీరేది కాదు. వేసవి పనికి దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటారు, ఫిట్‌నెస్ పరీక్ష గట్టిగానే ఉంటుంది. చదవగలిగితే నానైమోలోని వాంకూవర్ ఐలండ్ యూనివర్సిటీలో ఇదే పనికి తయారుచేసే రెండేళ్ల డిప్లొమా ఉంది.

ఇంటర్వ్యూలో నువ్వు నిజంగా చేసిన పని ఒకటి మొదటి నుంచి చివరిదాకా చెప్పమంటారు. మనకు 'మేం చేశాం' అనడం అలవాటు. 'నేను చేశాను' అనకపోతే మార్కులు రావు. ప్రిన్స్ జార్జ్, స్మిదర్స్, విలియమ్స్ లేక్ లాంటి ఊళ్ల పోస్టులకు పెట్టు, నాకు అక్కడే ఖాళీలు ఎక్కువ కనిపిస్తాయి. వెళ్లేముందు ఆ నేల ఇక్కడి ఆదివాసీల్లో ఏ ఫస్ట్ నేషన్‌దో చదువుకో. ఉద్యోగమొచ్చాక రోజూ మాట్లాడాల్సింది వాళ్లతోనే.