బస్సులో నేర్చుకోవడానికి కొరియనే మేలు

గాజువాక నుంచి సిరిపురం వెళ్లే బస్సులో రోజూ గంట దొరుకుతుంది, రష్యన్, జపనీస్, కొరియన్‌లలో ఏది సులువని అడిగారు కదండీ. నేనైతే కొరియనే అంటాను. దాని లిపి 1446లో సెజోంగ్ రాజు ప్రకటించినది, ఇప్పుడు వాడే ప్రాథమిక అక్షరాలు 24. ‘న’ అక్షరం చూడండి, నాలుక కొన పైకి లేచిన ఆకారమే. దానికి అచ్చు తగిలిస్తే మన గుణింతమే! ‘నానున్ పాబుల్ మొగొయో’ అంటే నేను అన్నాన్ని తింటాను. ప్రత్యయాలతో సహా వరుస మనదే.

తంటా అంతా అంకెలతోనే. గంటలకి ఒక రకం, నిమిషాలకి ఇంకో రకం. టైం చెప్పడానికే నాకు నెల పట్టింది.

రష్యన్ అక్షరాలు 33, వారంలో వచ్చేస్తాయి. వ్యాకరణమే ఏడిపిస్తుంది. జపనీస్‌లో హిరగానా అనే అక్షరాలు 46 అని మురిసిపోకండి, వెనకాల 2,136 నిత్యవాడుక కంజీలు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు ఉన్నాయి. ముందు కొరియన్ అక్షరాలు రోజుకి నాలుగు రాయండి, బస్సు కుదుపుల్లో కాదు, ఇంటి దగ్గర.