లౌటర్‌బ్రునెన్‌లో ముందు కొండా, ముందు జలపాతమా?

అమ్మాయీ,

నీకూ అల్లుడుగారికీ ఆశీస్సులు. జూన్‌లో మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని మూడు రోజులు స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రునెన్‌లో ఉంటామని రాశావు. మంచి నెల ఎంచుకున్నారు. కొండల మీద మంచు కరిగే కాలం కాబట్టి ఆ లోయలో జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. శరదృతువు వచ్చేసరికి కొన్ని సన్నటి దారంలా మిగులుతాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏ రోజు ఏం చూడాలో ఇక్కడే కూర్చుని రాసేసుకోకండి. జలపాతం మబ్బులోనూ కనిపిస్తుంది, వాన పడ్డాక ఇంకా బాగుంటుంది. కొండ మీది వ్యూపాయింట్‌కి మాత్రం ఆకాశం తెరిపి ఇవ్వాలి. పొద్దున లేవగానే కిటికీలోంచి చూసి నిర్ణయించకండి. లోయ నిండా మబ్బున్నా దాని పైన ఎండ కాస్తుండొచ్చు. షిల్ట్‌హార్న్, మెన్లిఖెన్ కొండల మీది వెబ్‌క్యామ్‌లు ఫోన్‌లో చూడండి. శిఖరాలు కనిపిస్తే కాఫీ తాగి వెంటనే బయల్దేరండి, మధ్యాహ్నానికి తరచుగా మబ్బులు కమ్ముతాయి. తెరంతా తెల్లగా ఉంటే ఆ రోజు జలపాతాలకి ఇచ్చేయండి.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్లో రైలెక్కేటప్పుడు రైలుపెట్టె మీద బోర్డు చదవండి. ఆ రైలు దారిలో రెండుగా విడిపోతుంది. సగం లౌటర్‌బ్రునెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. సామానొక పెట్టెలో, మనుషులొక పెట్టెలో ఉంటే చిక్కే.

తెరిపి ఉన్న రోజు ఇలా తిరగండి. లౌటర్‌బ్రునెన్ స్టేషన్ ఎదురుగానే రోప్‌వే ఉంది, అది గ్ర్యూచ్‌ఆల్ప్‌కి ఎక్కిస్తుంది. అక్కడ చిన్న రైలు మారాలి. అందులో ఎడమవైపు కూర్చోండి, ఐగర్, మోన్ష్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ ఆ పక్కే. చివరి స్టేషన్ మ్యూరెన్, సుమారు 1,640 మీటర్ల ఎత్తు. మనలాంటివాళ్లు కార్లలో వెళ్లే దారి లేని ఊరు. కింది కంటే అయిదు డిగ్రీలు చల్లగా ఉంటుంది, స్వెట్టర్ చేతిలో ఉండాలి. బావగారికి మోకాళ్లు ఇబ్బంది పెడుతుంటే అక్కడినుంచి ఆల్మెండ్‌హూబెల్ కొండకి ఫ్యూనిక్యులర్ (తాడు లాగే వాలు రైలు) ఎక్కండి, కొద్ది నిమిషాల్లో 1,907 మీటర్లకి చేరుస్తుంది. ఎక్కడానికి కష్టపడకుండా అంత దృశ్యం దొరికే చోటు ఆ చుట్టుపక్కల అరుదు. ఇంకా పైకి షిల్ట్‌హార్న్‌కి వెళ్తే, అది 2,970 మీటర్లు. పెద్దవాళ్లకి తల తిరిగినట్టుంటే అక్కడ ఆగకుండా దిగిపోండి.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన వద్దు. మ్యూరెన్ నుంచి కేబుల్ కారులో స్టెషెల్‌బర్గ్ వైపు దిగండి. దిగినచోటే 141 నంబరు బస్సు దొరుకుతుంది. స్టెషెల్‌బర్గ్ ఊరు ఇంకా ముందుంది, అటు ఎక్కకండి. లౌటర్‌బ్రునెన్ వైపు వెళ్లే బస్సే ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతం దగ్గర ఆగుతుంది.

ట్రుమ్మెల్‌బాఖ్‌కి సమయం ఎక్కువ ఇవ్వండి. కొండ లోపల రాతిని కోసుకుంటూ పది అంచెలుగా దూకే జలపాతం అది. ఐగర్, మోన్ష్, యుంగ్‌ఫ్రౌ హిమానీనదాల నీరు ఆ ఇరుకు చీలికలోంచి వస్తుంది, ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి 20,000 లీటర్ల దాకా. గోడ మీద చెయ్యి ఆనిస్తే ఆ కదలిక అరచేతికి తెలుస్తుంది. మాటలు వినపడవు కాబట్టి ఎక్కడ కలవాలో బయటే అనుకోండి. లిఫ్టులో పైకి వెళ్లి, అక్కడినుంచి పదో అంచెదాకా మెట్లెక్కి, తర్వాత నడుస్తూ దిగడం మామూలు పద్ధతి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు లిఫ్టు దిగినచోట చూసి, లిఫ్టులోనే వెనక్కి వస్తే చాలు. మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి. చెల్లెమ్మగారు చీరలో ఉంటే కుచ్చిళ్లు తడిసి కాలికి చుట్టుకుంటాయి, ఆ ఒక్కపూట సల్వార్, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోమను. తోలు చెప్పులు జారతాయి. నాలుగేళ్లలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. టికెట్ వేరే కొనాలి.

ష్టౌబ్‌బాఖ్ జలపాతం లౌటర్‌బ్రునెన్ ఊళ్లోనే, స్టేషన్ నుంచి పావుగంట నడక. ఎత్తు 297 మీటర్లు. గాలికి నీరు దుమ్ములా చెదిరిపోతుంది, పేరుకి అర్థమూ అదే. పడమటి గోడ మీదుంది కాబట్టి ఎండ పొద్దున పడుతుంది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే తుంపర్లలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. వెనకాలకి ఎక్కే రాతిదారి ఉంది గానీ నిటారు, జారుడు. పెద్దవాళ్లు కిందినుంచి చూడటమే మేలు, నిండుదనం అక్కడే తెలుస్తుంది. ఫోన్ లెన్స్ తుడవడానికి పొడి నూలుగుడ్డ జిప్ కవర్లో పెట్టుకో. తడి చున్నీతో తుడిస్తే ఫొటోలన్నీ మసకే.

తాగునీరు కొనక్కర్లేదు. ఊళ్లో కొళాయి తొట్లలో నీళ్లు బాటిల్‌లో పట్టుకోవచ్చు, 'కైన్ ట్రింక్‌వాసర్' అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. ఫొటో కోసం పచ్చిక బయళ్లలోకి దిగకండి. అది పశువులకి చలికాలం కోసం కోసి ఎండబెట్టుకునే మేత, తొక్కితే గడ్డి పడిపోయి కోతకి అందదు. పైకి వెళ్లిన రోజు దిగే ఆఖరి కేబుల్ కారు టైము స్టేషన్లోనే ఫొటో తీసి పెట్టుకో.

మీ పెదనాన్న