జనరిక్‌కు మార్చగానే ఒంట్లో ఆవిర్లు మళ్లీ మొదలయ్యాయి.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 51. నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర అవుతోంది. ఒంట్లో ఆవిర్లకు, రాత్రి చెమటలకు డాక్టర్ ఈస్ట్రడయాల్ వాలరేట్ 2 ఎంజీ (ఈస్ట్రోజెన్ హార్మోన్ గోలీ), మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ 100 ఎంజీ రాసిచ్చారు. ఎనిమిది నెలలు హాయిగా ఉన్నాను. పోయిన నెల మందుల షాపులో ‘పాతవి లేవు, మందు ఒకటే, కంపెనీ వేరే, ధర తక్కువ’ అని రెండూ మార్చి ఇచ్చారు. ప్రొజెస్టరాన్ ఇదివరకు మెత్తటి క్యాప్సూల్. ఇప్పుడు 200 ఎంజీ ఎస్.ఆర్. గోలీ ఇచ్చి సగానికి విరిచి వేసుకొమ్మన్నారు. మూడు వారాల్లో నిద్ర దూరమైంది, ఆవిర్లు మళ్లీ వస్తున్నాయి. జనరిక్ మందుల్లో పవర్ ఉండదా? ఈస్ట్రోజెన్ గోలీ రెండేసి వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండేసి వేసుకోవద్దు. ఎస్.ఆర్. గోలీని విరవడం మాత్రం ఇవాళే ఆపండి. మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉన్నట్టుంది.

ఎస్.ఆర్. అంటే మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారుచేసిన గోలీ. విరిస్తే ఆ ఏర్పాటు చెడిపోతుంది, మందు ఎంత, ఎప్పుడు రక్తంలో చేరుతుందో లెక్క ఉండదు. మీరు ఇదివరకు వాడిన క్యాప్సూల్‌లో ప్రొజెస్టరాన్ సన్నటి పొడిగా నూనెలో కలిసి ఉంటుంది. అది కాలేయంలో మారి మత్తునిచ్చే పదార్థమవుతుంది. పడుకునే ముందు వేసుకొమ్మనేది అందుకే. ఎస్.ఆర్.తో ఆ మత్తు తక్కువ. కాబట్టి మీ నిద్ర చెడడానికి కంపెనీ కంటే మందు రూపం మారడమే కారణం కావచ్చు.

అయితే ప్రొజెస్టరాన్ రాసేది నిద్ర కోసం కాదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, దాన్ని ఆపేది ఇదే. ఈ రక్షణ తగ్గినా వెంటనే తెలియదు, నెలల తర్వాత రక్తస్రావంగా బయటపడుతుంది. మన జిల్లాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది. వాళ్లకు సాధారణంగా ప్రొజెస్టరాన్ అక్కర్లేదు. పక్కింటామె ఒక్క గోలీతోనే సరిపెట్టుకుంటోందని మీరు రెండోది మానేయకండి.

ఇక ఈస్ట్రోజెన్. పాత, కొత్త స్ట్రిప్‌లు పక్కపక్కన పెట్టి బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. రెండింటి మీదా ‘ఈస్ట్రడయాల్ వాలరేట్ 2 ఎంజీ’ అనే ఉండాలి. ‘ఈస్ట్రియాల్’ అని ఉంటే అది వేరే హార్మోన్, చాలా బలహీనమైనది. పేర్లు దగ్గరగా ఉండడంతో పొరపాటుకు వీలుంది. వాలరేట్ లేని ఉత్త ఈస్ట్రడయాల్ అయినా లెక్క మారుతుంది. 2 ఎంజీ వాలరేట్‌లో అసలు ఈస్ట్రడయాల్ సుమారు 1.5 ఎంజీయే.

పేరు, ఎంజీ, రూపం మూడూ ఒకటే అయితే జనరిక్ పని చేయాలి. రక్తంలో చేరే మందును మొదట వచ్చిన అసలు మందుతో పోల్చి, ఆ అంచనా పరిధి మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యలో ఉంటేనే సమానమంటారు. దీన్ని చూసి ‘జనరిక్‌లో 20 శాతం మందు తక్కువ’ అనుకోవడం తప్పు. గోలీలోని మందు అంతే ఉంటుంది, సగటు తేడా కూడా మామూలుగా కొద్దిపాటిదే. ఒక చిక్కు మాత్రం ఉంది. నీటిలో సరిగా కరగని మందులకు లైసెన్స్ ఇచ్చే ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2017లో. అంతకుముందు లైసెన్స్ పొందినవన్నీ దీన్ని దాటినవేనని చెప్పలేం. పైగా మింగిన ఈస్ట్రడయాల్‌లో రక్తానికి చేరేది 5 శాతం దాకానే, అదీ మనిషి మనిషికీ మారుతుంది. అందుకే కంపెనీ మారినప్పుడు కొందరికి తేడా తెలియడం ఉత్త భ్రమ కాదు.

రెండు మందులూ ఒకేసారి మార్చితే ఏది కారణమో తేలదు. ముందు ప్రొజెస్టరాన్ 100 ఎంజీ మెత్తటి క్యాప్సూల్‌కే రండి, ఏ కంపెనీదైనా సరే. తిన్నాక వేసుకుంటే ఎక్కువగా ఇంకుతుంది, ఖాళీ కడుపున తక్కువ. మీ డాక్టర్ చెప్పిన పద్ధతినే రోజూ పాటించండి. ఈస్ట్రడయాల్ స్ట్రిప్ సరిగ్గా ఉంటే అదే కంపెనీది నాలుగు వారాలు వాడుతూ, ఆవిర్లు రోజుకు ఎన్నిసార్లు వచ్చాయో క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. తగ్గకపోతే ఆ క్యాలెండర్, రెండు స్ట్రిప్‌లు తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాత కంపెనీకి వెళ్లాలో, చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్‌కు మారాలో అప్పుడు తేల్చవచ్చు. గోలీ వాడేవాళ్లకు రక్తంలో ఈస్ట్రడయాల్ పరీక్షతో పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈ మధ్య టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు కార్బమజెపిన్ లేదా ఫెనిటాయిన్ మొదలుపెట్టి ఉంటే చెప్పండి, అవి హార్మోన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి. థైరాయిడ్ గోలీ వాడుతుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి. మే నెల ఎండల్లో క్యాప్సూళ్లను స్కూటీ డిక్కీలో ఉంచకండి, జెలటిన్ మెత్తబడి పాడవుతాయి.

షెడ్యూల్ హెచ్ మందును (డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సినది) చీటీలో ఉన్నదానికి బదులుగా మరొకటి ఇవ్వడం డ్రగ్స్ రూల్స్ 65(11ఎ) ఒప్పుకోదు. మార్చాల్సి వస్తే ముందు మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. మందు పని చేయలేదనిపిస్తే బ్యాచ్ నంబర్ రాసుకుని ఫార్మకోవిజిలెన్స్ (మందులతో వచ్చే ఇబ్బందులను నమోదు చేసే కార్యక్రమం) ఉచిత నంబర్ 1800-180-3024కు చెప్పవచ్చు.

ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వచ్చినా, చూపు మసకబారి ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా గోలీలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ రక్తం కనిపిస్తే, చుక్కలుగానైనా సరే, ‘మందు మారింది కదా’ అని సరిపెట్టుకోకుండా స్కానింగ్‌లో లోపలి పొర మందం కొలిపించుకోండి.