పక్కన పాత ఇల్లు కూలగొట్టి పెద్ద బిల్డింగ్ లేపుతుంటే మనం ఆపొచ్చా?

ఆపలేరు. ఎత్తు సంగతైతే అసలే వదిలేయుండ్రి. 2020ల టీఎస్ బీపాస్ (తెలంగాణల ఇంటి పర్మిషన్లకు తెచ్చిన ఆన్‌లైన్ పద్ధతి) వచ్చినంక 600 గజాల లోపు జాగల, 10 మీటర్ల ఎత్తు దాకా అయితే ఓనరు తనకు తానే ఆన్‌లైన్ల రాసిస్తే పర్మిషన్ చేతికొస్తది. కొట్లాడితే గిట్ల పక్కన ఇడవాల్సిన సందు కోసం కొట్లాడాలె.

మాది నల్లగొండ, రామగిరి దిక్కు. మా పక్కన బెంగుళూరు పెంకల ఇల్లుండె, ముందట షాబాద్ బండల అరుగు, వెనక యాపచెట్టు. తాత పోయినంక కొడుకులు అమ్ముకున్నరు, కొన్నాయన జేసీబీ పెట్టి ఒక్క పొద్దుల చదును చేయించిండు. టేకు దర్వాజలు, దూలాలు మాత్రం ముందే ట్రాక్టర్ల పోయినయి, వాటికి రేటుంటది కదా. ఇప్పుడు అక్కడ స్టిల్టు (కింద పిల్లర్ల నడుమ బండ్లు పెట్టే జాగ), మూడు ఫ్లోర్లు, మీదికెల్లి పెంట్‌హౌసు. ఉండేది నలుగురు.

మా వంటింటి కిటికీ తీస్తే చెయ్యందేంత దూరంల ఇటుక గోడ. ఇటుకల నడుమ కారి గడ్డకట్టిన సిమెంటు గూడ కనిపిస్తది, ఎందుకంటే ఇటు ప్లాస్టరింగ్ చేయలే, చేద్దామంటే కట్టెలు కట్టే జాగుంటే కదా. ఒకరోజు మేస్త్రీ వచ్చి "అమ్మా, మీ డాబా మీద నిలబడి చేసుకుంటం, రెండ్రోజుల పనే" అన్నడు. మా అమ్మ ఊకుంటదా, "మీ జాగల నిలబడి చేసుకో బిడ్డా" అన్నది. ఇగ అంతే, గోడ ఇప్పటికీ అట్లనే ఉంది, వాన పడితే చెమ్మ వాళ్ళ బెడ్రూంలకే దిగుతున్నదట.

దీనికంతటికీ వాస్తే కారణం అంట నేను. ఉత్తరం, తూర్పు ఖాళీ ఉండాలంటరు, ఆ ఖాళీ యాడికెల్లి తెస్తరు? దక్షిణం, పడమర గోడను హద్దు మీదికి జరిపి. ఆ హద్దు అవుతల ఉన్నోడు చావాలె. మేం వాళ్ళకు దక్షిణాన ఉన్నం.

ఇంకొకటి, రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండ దాని మీదనే సీసీ పోస్తరు, పోసినప్పుడల్లా పాత ఇండ్లు కిందికి పోతయి. కొత్తిల్లోళ్ళు అది చూసి బేస్‌మెంటు ఇంకింత లేపి, మోరీ మీది నుంచి రోడ్డు మీదికి ర్యాంపు దించుతరు. మోరీ పూడుకపోతది, నీళ్ళన్నీ మా గడపల.

సరే, పని ముచ్చట. పిల్లర్లకు ముగ్గు పోసిన రోజే టేపు పట్టుకొని పోవుండ్రి, హద్దు నుంచి ఎంత ఇడిచిండ్రో కొలిచి ఫొటో తీసుకోండి. సాంక్షన్ ప్లాన్ (పర్మిషన్ ఇచ్చిన ఇంటి నక్ష) కాపీ ఇయ్యమని మున్సిపాలిటీల ఆర్టీఐ పెట్టుండ్రి, తేడా ఉంటే రాసిచ్చి రసీదు తీసుకోండి. స్లాబు పడ్డంక ఎవరూ ఇనరు. మీ పక్కిల్లు ఏ దిక్కున ఉందో మీరు రాయలే గానీ, ఉత్తరాన గానీ తూర్పున గానీ ఉంటే మాత్రం ఇయ్యాల్నే టేపు కొనుక్కోండి.