జేజి నోటు పుస్తకం ఏట్లో కలిపేయమంటున్నారు

ప్రశ్న: అక్కా, మాది కలిగిరి దగ్గర పల్లె, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా జేజి, అంటే నాయనమ్మ, పోయి వచ్చే నెలకి సంవత్సరం. నన్ను పెంచింది ఆమే. కళ్లు మూసుకుంటే ఆసుపత్రి మంచం మీద నన్ను గుర్తుపట్టని జేజే కనపడుతోంది, అంతకుముందు ఇరవై ఏళ్లు చూసిన మనిషి రావడం లేదు. మొన్న ఇల్లు సర్దుతుంటే ఆమె ట్రంకు పెట్టెలో పాత నోటు పుస్తకం దొరికింది. అన్నీ అ ఆ ఇ ఈలు, చివర్లో ఆమె సంతకం ఓ యాభై సార్లు. పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉండకూడదు, సంవత్సరీకం రోజు ఏట్లో కలిపేయండి అంటోంది అత్త. నాయన ఏమీ మాట్లాడడు. ఏం చేయను?

జవాబు: కలపొద్దమ్మా. చీరలు ఎవరికైనా ఇచ్చేయండి, మంచం తీసేయండి, పుస్తకం మాత్రం వద్దు. అత్తతో వాదన పెట్టుకోకు, ఆమెకీ పోయింది కన్నతల్లే. నీ బ్యాగులో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్లిపో.

అది బహుశా 1990ల మొదట్లో, నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పటిది అయ్యుంటుంది. పగలంతా కూలికి పోయి, వచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు పలక పట్టుకున్నారు ఆ ఆడవాళ్లు. అక్కడ అక్షరాలతో పాటు ఇంటి బాధలూ చెప్పుకున్నారు, మొగుడి కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్నాయని ఒకరు మొదలుపెడితే మిగతా అందరిదీ అదే కథ. మీ మండలంలోని దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగారు, అది ఊరూరా పాకి, సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. ఆ గుంపుల్లో మీ జేజి ఉందో లేదో ఆమె పక్కన కూర్చుని చదువుకున్నవాళ్లే చెప్పాలి. వాళ్లకీ ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి, అందుకే తొందర పెడుతున్నాను. సంవత్సరీకానికి రెండు రోజులు ముందే ఊరికి వెళ్లి, పుస్తకం పట్టుకుని ఆ అవ్వల దగ్గర కూర్చో, ఫోన్‌లో రికార్డు చేసుకో.

ఆసుపత్రి మంచం సంగతి నాకు బాగా తెలుసు. మా అమ్మమ్మది కోవూరు, పోయాక ఏడాదిన్నర పాటు నాకు ఆమె చివరి మూడు నెలలే గుర్తొచ్చేవి. తర్వాత ఒక పెళ్లిలో వాళ్ల పక్కింటి అవ్వ కలిసి, రొట్టెల పండక్కి తామిద్దరూ పెన్న వంతెన మీదుగా నెల్లూరు దాకా నడిచిపోయి, స్వర్ణాల చెరువులో మా అమ్మ కోసం చదువు రొట్టె పట్టుకున్నామని చెప్పింది. అక్కడ కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అమ్మ టీచరయ్యాక మళ్లీ వెళ్లి ఇంకెవరికో రొట్టె ఇచ్చి వచ్చిందట. మా ఇంట్లో ఎవరికీ తెలియదు ఇది! ఆ రోజు నుంచీ నాకు కొంగులో రొట్టె మూట కట్టుకుని నడిచే అమ్మమ్మ కనపడుతోంది. మంచం మీద మనిషి పూర్తిగా పోలేదు, కానీ ముందు వచ్చేది ఆమె కాదు. నువ్వు చూసిన జేజి కూడా వస్తుంది, కాస్త ఆగు. గుర్తుపట్టకపోవడం జబ్బు చేసిన పని, ఆమె నిన్ను మరిచిపోవడం కాదు.

పెన్సిలు రాత చెరిగిపోతుంది కాబట్టి ముందు ప్రతి పేజీకీ ఫోటో తీసుకుని, పుస్తకాన్ని నూలు గుడ్డలో చుట్టి పెట్టు. లామినేషన్ చేయించొద్దు, పాత కాగితం పాడవుతుంది.

ఇక మీ నాయన. ఆయన మాట్లాడకపోవడం అక్కర లేక కాదనుకుంటాను. జేజి ఆ అక్షరాలు దిద్దేనాటికి ఆయన బడికి పోయే పిల్లాడేమో, ఏ అక్షరం దగ్గర ఆమె ఆగిపోయేదో కూడా తెలిసి ఉండొచ్చు. నలుగురిలో అడగకు. రాత్రి అందరూ పడుకున్నాక, సంతకాలున్న పేజీ తీసి ఆయన చేతికివ్వు.