మానిటర్ ఎంత పెంచినా చాలదనే గాయకుడితో

"నా గొంతు నాకు వినిపించట్లేదు" అని అందరి ముందూ మైక్‌లోనే అరుస్తున్నాడు, మానిటర్ (అతనికి తన పాట వినిపించే స్టేజీ స్పీకర్) పెంచితే, మైక్ ఆ శబ్దాన్నే మళ్లీ పట్టుకుని ఫీడ్‌బ్యాక్ కూత వస్తోంది అన్నారు కదా. ఇక పెంచకండి. అతని మానిటర్ మిక్స్‌లో గిటార్, కీబోర్డ్ 3 డెసిబెల్స్ దించి చూడండి. గొంతు దానంతటదే పైకి తేలుతుంది. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది ఇదే, అడగడం రాదంతే.

మైక్ తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటున్నాడేమో కూడా గమనించండి. అలా మూస్తే కార్డియాయిడ్ మైక్ (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) వెనక నుంచి వచ్చే శబ్దాన్ని కూడా లాగేసి కూత పెంచుతుంది. ఈ మాట పాట మధ్యలో టాక్‌బ్యాక్‌లో (మీ మాట స్టేజీ మీదికి వినిపించే మైక్‌లో) చెప్పారో, పంతానికి పోతాడు. సౌండ్ చెక్‌లో పక్కకు పిలిచి, "ఇలా పట్టుకుంటే మీ గొంతు ఇంకా స్పష్టంగా వస్తుందండీ" అనండి. ఫేడర్ (మిక్సర్ మీద శబ్దం పెంచే, తగ్గించే మీట) ముట్టుకోకుండానే "పెంచాను" అనే చిట్కా మాత్రం వద్దు. దొరికిపోతే ఇక మీరేం చెప్పినా నమ్మడు.