డాక్టర్ సలహా: మందు కోసం నెలనెలా నెల్లూరు దాకా రావాలా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్లు. తనలో తాను మాట్లాడుకుంటూ, అందరినీ అనుమానిస్తుంటే రెండేళ్ల క్రితం నెల్లూరులో చూపించాం. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో బాగా కుదుటపడ్డాడు. రానుపోను ఛార్జీలు, మందుల ఖర్చు, నాన్న కూలి పోవడం భరించలేక రెండు నెలలుగా మాత్రలు ఆపేశాం. ఇప్పుడు మళ్లీ నిద్రపోవడం లేదు. అనుమసముద్రంపేట దర్గాలో ఉంచమని బంధువులు అంటున్నారు. షుగరు, బీపీ మాత్రలు 104 బండిలో ఊరికే తెచ్చి ఇస్తున్నప్పుడు వీటిని ఎందుకు ఇవ్వరు?

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. నిద్ర తగ్గడం ఈ జబ్బు తిరగబెడుతోందనడానికి తరచుగా తొలి సూచన. కాబట్టి ఈ వారంలోనే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించండి. పాత చీటీ చూసి మీ అంతట మీరే మోతాదు నిర్ణయించవద్దు. చనిపోతాననో, ఎవరినైనా కొడతాననో అంటే ఆ రోజే తీసుకురండి. ఈలోగా 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ సలహాదారులు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు. దర్గాకు వెళ్లడాన్ని నేను వద్దనను, ఆ నమ్మకం కుటుంబాలకు ఎంత ఓర్పునిస్తుందో చూశాను. అయితే మాత్రలు మాన్పించి అక్కడే వదిలి రావడానికి మాత్రం ఒప్పుకోలేను.

ఇక మీరు అడిగిన ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఈ వైద్యం కోసం ఎవరూ దూర ప్రయాణం చేయవలసిన అవసరం రాకుండా చూడవలసింది ప్రభుత్వమే. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, చికిత్స ఉచితంగా అందాలి. పైగా ఈ జబ్బుకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. మానసిక వైద్యుడు ఒకసారి నిర్ణయించాక వాటిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సే వేయగలదు. అందుకు కావలసిందల్లా ఆ కేంద్రంలో మందు నిల్వ, అక్కడి డాక్టరుకు కొంత శిక్షణ, నెలకొకసారి మానసిక వైద్యుని రాక. ఇవన్నీ నిధులతో తీరేవే. ఈ ఉద్దేశంతోనే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది, అయినా మీ నాన్న ఇంకా కూలి మానుకుని బస్సెక్కవలసి వస్తోందంటే వైద్యుడిగా నాకు బాధగా ఉంది.

పరిశోధనకూ డబ్బు కావాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో చికిత్స అందనివారు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేలింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన మెట్ట మండలాలలో ఎందరు బాధపడుతున్నారో, ‘గాలి సోకింది’ అనుకున్న కుటుంబం డాక్టరు దగ్గరికి చేరడానికి ఎన్నేళ్లు పడుతోందో ఇక్కడే అధ్యయనం చేయకపోతే, ఏ కేంద్రానికి ఎంత మందు పంపాలో ఎవరు నిర్ణయించగలరు?

తమ్ముడు కుదుటపడ్డాక, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అందులో 18వ సెక్షన్‌ను పేర్కొని, మీ ఊరికి దగ్గరి ఆరోగ్య కేంద్రం పేరు, డాక్టరు రాసిన మందుల పేర్లు, ఒక్కో ప్రయాణానికి అవుతున్న ఖర్చు రాసి, చీటీ నకలు జతచేసి, రసీదు తీసుకోండి. మీ మండలంలో ఇలాంటి కుటుంబాలు ఇంకా ఉంటే వారిని కూడా సంతకం చేయమని అడగండి.